మెనూకి సొంత జ్ఞాపకం వద్దు

అందరికీ నమస్కారం.

వెబ్ అప్లికేషన్ కట్టడం మొదలుపెట్టిన కొత్తలో మెనూని టెంప్లేట్‌లో చేత్తో రాసేస్తాం. నాలుగు లింకులు పెడితే పని అయిపోతుంది. ఆ రోజుకి అది సరైన నిర్ణయమే, నేను తప్పుపట్టను. చిక్కంతా అప్లికేషన్ పెరిగాక వస్తుంది. ఆర్డర్ల పేజీ చిరునామా మారుతుంది. మేనేజర్ అని కొత్త రోల్ (యూజర్ హోదా) పుడుతుంది. మొబైల్‌కి వేరే మెనూ, ఫుటర్‌లో ఇంకొకటి చేరతాయి. ఒకే సంగతి అన్నిచోట్లా రాసి ఉంటుంది, దిద్దేటప్పుడు ఏదో ఒకచోట మరిచిపోతాం.

కాబట్టి నేను గట్టిగా నమ్మేది ఇది: మెనూ దగ్గర సొంత సమాచారం వీలైనంత తక్కువ ఉండాలి. ఏ చిరునామాకి ఏ పేజీ తెరవాలో చూసే రూటర్‌కి చిరునామాలన్నీ తెలుసు. ఎవరికి ఏది తెరుచుకుంటుందో పర్మిషన్ల కోడ్‌కి తెలుసు. ఇప్పుడు ఏ పేజీలో ఉన్నామో వచ్చిన రిక్వెస్టుకి తెలుసు. మెనూ వాటిని అడిగి తెలుసుకోవాలి తప్ప తన దగ్గర ఇంకో కాపీ ఉంచుకోకూడదు.

చిరునామా సంగతి తేలిక. రూటుకి, అంటే రూటర్‌లో ఒక్కో పేజీ చిరునామాకి ఉండే నమోదుకి, పేరు పెట్టండి, మెనూలో ఆ పేరే వాడండి. వెబ్ ఫ్రేమ్‌వర్కులనే చూడండి: జాంగోలో యూఆర్ఎల్ ట్యాగ్, లారవెల్‌లో రూట్ ఫంక్షన్, రైల్స్‌లో పాత్ హెల్పర్లు ఉన్నది ఇందుకే. పేరు తప్పు రాస్తే పేజీ వెంటనే ఎర్రర్ ఇస్తుంది, అది మనకి మేలు. చేత్తో రాసిన చిరునామా తప్పయితే ఎవరో నొక్కి 404 (పేజీ దొరకలేదు) చూసేదాకా బయటపడదు.

ఇక అంశాలన్నిటినీ ఒకేచోట జాబితాగా పెట్టుకోండి: కనిపించే పేరు, రూటు పేరు, కావలసిన పర్మిషన్, కింద ఉపమెనూ. డెస్క్‌టాప్, మొబైల్, ఫుటర్ మూడూ దాన్నుంచే పుడతాయి. ప్రతి పేజీకీ దాన్ని అందించడానికి జాంగోలో కాంటెక్స్ట్ ప్రాసెసర్, లారవెల్‌లో వ్యూ కంపోజర్ ఉన్నాయి. జాబితాని డేటాబేసులో పెట్టాలా? పేజీలు చేర్చేది డెవలపర్లు కాక సంపాదకులైతే పెట్టండి, లేకపోతే కోడ్‌లోనే ఉండనివ్వండి. డేటాబేసులో పెడితే మాత్రం ఒక్కో ఉపమెనూకి ఒక్కో క్వెరీ (డేటాబేసుని అడిగే ప్రశ్న) వెళ్లనివ్వద్దు. అన్నిటినీ ఒకేసారి తెచ్చుకుని మెనూ, ఉపమెనూల చెట్టుని మెమరీలో కట్టుకోవాలి.

‘ఇప్పుడు నేను ఎక్కడున్నాను’ అన్న ప్రశ్న దగ్గర కాస్త ఆగుదాం. ఉన్న పేజీ లింకుని మెనూలో వెలిగించి, అంటే ప్రత్యేకంగా కనిపించేలా చేసి, దీనికి జవాబు చెబుతాం. చూడ్డానికి చిన్నది, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. చిరునామా మొదలు సరిపోలితే వెలిగించు అని రాస్తే, హోమ్ చిరునామా ఒట్టి స్లాష్ గనక, అది ప్రతి పేజీలోనూ వెలుగుతుంది. రియాక్ట్ రౌటర్ లైబ్రరీలోని నావ్‌లింక్ అనే లింకుకి ‘ఎండ్’ అనే ప్రాప్ (సెట్టింగు) ఇచ్చింది, లోపలి పేజీల్లో ఉన్నప్పుడు పై లింకు ఇలా వెలగకుండా ఆపడానికే. సరే, అచ్చంగా సరిపోలితేనే వెలిగించు అంటే? ఒక ఆర్డర్ వివరాల పేజీకి వెళ్లగానే ‘ఆర్డర్లు’ ఆరిపోతుంది. రైల్స్‌లోని కరెంట్ పేజ్ హెల్పర్‌ని మాత్రమే నమ్ముకుంటే జరిగేది ఇదే. చిరునామాని వదిలేసి రూటు పేరుతో పోల్చడమే నాకు నచ్చిన దారి. జాంగోలో రిజాల్వర్ మ్యాచ్ ఆ పేరు చెబుతుంది. లారవెల్‌లో ఆర్డర్స్, చుక్క, నక్షత్రం అని నమూనా ఇస్తే ఆ కుటుంబమంతా కలుస్తుంది.

వెలిగించడమంటే రంగు మార్చడం ఒక్కటే కాదు. పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి రంగు చేరదు. ఆ లింకు మీద ఏరియా-కరెంట్ అనే గుణం పెట్టాలి: అదే పేజీలో ఉంటే ‘పేజ్’ అని, దాని లోపలి పేజీలో ఉంటే ‘ట్రూ’ అని. నావ్‌లింక్ తనంతట తానే దాన్ని చేరుస్తుంది, సర్వర్ టెంప్లేట్లలో మనం రాసుకోవాలి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. సైటు లింకులకి హెచ్‌టీఎంఎల్‌లోని రోల్ అనే గుణంతో (ఇది యూజర్ రోల్ కాదు) రోల్ మెనూ, రోల్ మెనూఐటమ్ అని తగిలించకండి. అవి డెస్క్‌టాప్ అప్లికేషన్లలో ఉండే తరహా మెనూల కోసం. ఆ రోల్ వినగానే వాడేవారు బాణం కీలతో కదలొచ్చని అనుకుంటారు, మన లింకులు అలా కదలవు. నావ్ ఎలిమెంటు, అందులో మామూలు జాబితా, ఉపమెనూ తెరవడానికి ఏరియా-ఎక్స్‌పాండెడ్ ఉన్న బటన్ చాలు. మౌస్ పెడితేనే తెరుచుకునే ఉపమెనూ కీబోర్డ్ వాడేవారికి లేనట్టే.

పర్మిషన్ల విషయం నాకు అన్నిటికంటే ముఖ్యం. మెనూలో కనపడకపోయినంత మాత్రాన పేజీకి తాళం పడినట్టు కాదు, చిరునామా టైపు చేస్తే తెరుచుకుంటుంది. వెబ్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన ముఖ్య ముప్పుల జాబితా ‘టాప్ 10’లో మొదటి స్థానం యాక్సెస్ కంట్రోల్ లోపాలదే. పేజీని కాపాడే తనిఖీ, మెనూలో లింకుని దాచే తనిఖీ ఒకే ఫంక్షన్‌లో ఉండాలి. లోపలి అంశాలన్నీ దాగిపోతే వాటి పైనున్న శీర్షిక కూడా మాయం కావాలి. మెనూని క్యాష్ చేస్తుంటే, అంటే ఒకసారి తయారైనదాన్ని దాచి మళ్లీ వాడుతుంటే, దాన్ని వెతికే కీలో యూజర్ రోల్ తప్పకుండా ఉండాలి. లేదంటే అడ్మిన్ కోసం తయారైన మెనూ తర్వాత వచ్చిన మామూలు యూజర్‌కి వెళ్లిపోతుంది.

జాబితా ఒకేచోట ఉంది కనక పరీక్ష రాయడం సులువు. ఒక్కో రోల్‌తో లాగిన్ అయి, మెనూలో కనిపించిన ప్రతి లింకునీ తెరవండి: 200 (పేజీ సరిగా వచ్చింది) రావాలి. పర్మిషన్ లేక దాగిన ప్రతి రూటునీ కూడా తెరవండి: 403 (అనుమతి లేదు) రావాలి. మొదటి సగాన్ని చాలా టీములు రాస్తాయి, దయచేసి రెండోదీ రాయండి.