ఆయన రానంటే మీరే ఫోన్ చేయండమ్మా

వ్యాఖ్యాత: హలో, చెప్పండమ్మా. ఎక్కడి నుంచి?

శ్రోత: నరసరావుపేట దగ్గర పల్లెటూరండి. మా ఆయన గురించి. ఈసారి మిర్చికి పెట్టిన పెట్టుబడి కూడా రాలేదు. అప్పటి నుంచి మనిషి మనిషిలా లేరు. రాత్రి రెండింటికి లేచి వాకిట్లో కూర్చుంటారు. నిన్న అన్నం కలిపి, ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారండి.

డాక్టర్: ఎన్నాళ్ల నుంచమ్మా?

శ్రోత: ఉగాది వెళ్లిన దగ్గర్నుంచి. ఊళ్లో ఆర్‌ఎంపీ నిద్రమాత్రలు ఇచ్చాడు. మా అత్తగారు దిష్టి అంటారు. గుంటూరు వెళ్దామంటే ‘నాకేమైనా పిచ్చా’ అని కసురుకుంటున్నారు.

డాక్టర్: ఒకటి సూటిగా అడుగుతాను. చచ్చిపోతే బాగుండు లాంటి మాట ఎప్పుడైనా అన్నారా?

శ్రోత: (కాసేపు ఆగి) మొన్న అన్నారండి. ‘నేను లేకపోతే మీరే సుఖంగా ఉంటారు’ అని.

డాక్టర్: ఇంట్లో పురుగుమందు ఉందా?

శ్రోత: గొడ్లచావిట్లో రెండు డబ్బాలున్నాయి.

డాక్టర్: ఇవాళే వాటిని ఇంట్లోంచి తీయించేయండి. నిద్రమాత్రలు మీ దగ్గరే దాచండి. ఆయన్ని ఒంటరిగా వదలొద్దు. చావు మాట మనం ఎత్తితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడతారు. పుట్టదమ్మా, నెమ్మదిగా అడగండి. చెప్పుకోవడానికి మనిషి దొరికాడన్న ధైర్యం వస్తుంది. పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే ఆలోచించకుండా 108కి చేయండి.

వ్యాఖ్యాత: మరి ఆయన రానంటున్నారుగా?

డాక్టర్: ఆమె చేయొచ్చు. 14416, టెలీ మానస్. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న ప్రభుత్వ సేవ. పైసా ఖర్చు లేదు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు.

శ్రోత: ఆస్పత్రికి తీసుకెళ్తే ఊళ్లో పిచ్చాసుపత్రి అంటారేమోనండి.

డాక్టర్: గుంటూరు పెద్దాసుపత్రికి బీపీకీ వెళ్తారు, మోకాళ్లకీ వెళ్తారు. అక్కడే మానసిక వైద్య విభాగం కూడా ఉంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకోండి. అందరినీ చేర్చుకోరమ్మా, చాలామంది చూపించుకుని ఇంటికొచ్చేస్తారు. వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది. ఆయనతో ‘నిద్ర పట్టట్లేదు, తిండి పోవట్లేదు, చూపించుకుందాం’ అనండి. అది నిజమే కదా. మందులు రాస్తే మర్నాటికే గుణం కనపడదు, రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. ఈలోపే మానేసి మళ్లీ మొదటికొచ్చినవాళ్లను చాలామందిని చూశాను, నాకు బాధగా ఉంటుంది. ఆయన ఎవరి మాట వింటారు?

శ్రోత: మా తమ్ముడంటే ప్రాణమండి.

డాక్టర్: అతన్ని రమ్మనండి. ఆ డబ్బాలు అతని చేతికే ఇచ్చి పంపించేయండి. ఆస్పత్రికి కూడా అతనే తోడు రావాలి.

శ్రోత: ఇప్పుడే చేస్తానండి వాడికి.

వ్యాఖ్యాత: లైన్లోనే ఉండండమ్మా, మావాళ్లు ఆ నంబరు మళ్లీ చెప్పి రాయిస్తారు.