వరద ఊరికి సేవకు వెళ్లొచ్చాక ఏ ఉద్యోగం?

(తిరుపతిలో ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

వరద ఊరికి సేవకు వెళ్లొచ్చిన పిల్లల్ని "ఇక ఏమవుతావు?" అని అడిగితే, చాలామంది నోట ముందు వచ్చేది ఎన్‌డీఆర్‌ఎఫ్, అంటే జాతీయ విపత్తు స్పందన దళం. ఆశ మంచిదే. కానీ అందులోకి నేరుగా తీసుకోరు. బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, ఐటీబీపీ లాంటి కేంద్ర బలగాల్లో ఉన్నవాళ్లు డెప్యుటేషన్ మీద, అంటే కొంతకాలం కోసం, అక్కడికి వస్తారు. అంటే మీరు మొదట రాయాల్సింది ఆ బలగాల పరీక్ష. పడవా, నారింజ రంగు దుస్తులూ కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడతాయి కాబట్టి ఉద్యోగమంటే అదే అనిపిస్తుంది. కనబడని పనులే ఎక్కువ.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలో సింగ్ నగర్ వైపు కాలనీలు మునిగాయి. అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బుడమేరు మళ్లింపు కాలువ కలవాల్సింది ఆ కృష్ణలోనే. నదే నిండుగా ఉంటే కాలువ నీళ్లు ఎక్కడికి పోవాలి? బురద ఎత్తుతూ ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయినవాళ్లకు నీటిపారుదల ఇంజనీరింగు, నీటి రాకపోకల్ని లెక్కగట్టే హైడ్రాలజీ పనికొస్తాయి. దూరం పోనక్కర్లేదు: 2021 నవంబరులో చెయ్యేరు నది మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. మన రాయలచెరువు కట్టకు లీకు పడితే దిగువ పల్లెల్ని ఖాళీ చేయించారు.

ఇక ఇల్లు శుభ్రం చేయడం. చిన్న పనిలా ఉంటుంది గానీ సగంమంది దీన్నే తలకిందులుగా చేస్తారు. ముందు కరెంటు మెయిన్ ఆపాలి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా మళ్లీ వేయకూడదు. బురదను తడిగా ఉండగానే పారతో ఎత్తాలి, ఎండితే గట్టిపడి పట్టుకుంటుంది. ఎత్తిన బురదను కాలువలోకి తోస్తే మళ్లీ అదే వీధి మునుగుతుంది. రోడ్డు పక్కన కుప్ప వేసి బండికి ఎక్కించాలి. కడిగిన తర్వాతే బ్లీచింగ్. బురద మీదే చల్లితే అందులోని చెత్తే క్లోరిన్‌ను తినేస్తుంది, క్రిములు అట్లాగే ఉంటాయి. బ్లీచింగ్‌ను బాత్రూం యాసిడ్‌తో అసలు కలపకండి, విషవాయువు పుడుతుంది. సంపు ఖాళీ చేసి, కడిగి, మంచి నీళ్లు నింపాక 1000 లీటర్లకు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పొడి లెక్క. నీళ్లు మురికైతే ఇంకా పడుతుంది. అరగంట తర్వాత క్లోరోస్కోప్‌తో, అంటే నీళ్లలో క్లోరిన్ కొలిచే చిన్న పరికరంతో, చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఈ కొలత మీద ఆసక్తి పుడితే ప్రజారోగ్య ఇంజనీరింగు, మునిసిపల్ శానిటేషన్ మీ దారి.

మునిగిన బండిని స్టార్ట్ చేయకండి. ఇంజను సిలిండరులో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఆపై బీమా డబ్బు కోసం తగువు మొదలవుతుంది. ఆ నష్టం లెక్కగట్టే సర్వేయరుకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సు కావాలి. అదీ ఒక వృత్తే, మన కాలేజీల్లో ఎవరూ చెప్పరంతే.

పంపిణీ సంగతి. అన్నం పొట్లాలు సందు మొదట్లోనే అయిపోతాయి. చివరింటి మేడ మీది ముసలమ్మకు అందవు. నష్టం రాసుకునేటప్పుడు ఇంటి యజమాని పేరు ఎక్కుతుంది, అద్దెకున్నాయన సామాన్లు పోయినా పేరుండదు. ఇక్కడ తక్కువైంది దయ కాదు, జాబితా. ఈ లోపం కంటబడినవాళ్లు జీఐఎస్ (కంప్యూటరులో మ్యాపుల మీద వివరాలు గుర్తించే పని), సోషల్ వర్క్, రెవెన్యూ వైపు చూడండి.

రోజూ రాత్రి నోటుబుక్కులో మూడు గడులు రాయండి: ఏ పని ఆగింది, ఎందుకు ఆగింది, అది ఎవరి పని. తిరిగొచ్చిన వెంటనే ఏదీ నిర్ణయించొద్దు, ఒక నెల ఆగండి. అప్పుడు మూడో గడి చదవండి. ఒకే శాఖ పేరు పదేపదే కనబడితే, ఆ శాఖలో పనిచేసే వాళ్లను ఇక్కడే తిరుపతిలో వెతికి పట్టుకోండి. "మీ ఉద్యోగానికి ఏం చదవాలి సార్?" అని అడిగితే సిలబస్ చెప్పి పంపించేస్తారు. "వాన లేని నెలల్లో మీరేం చేస్తారు?" అని అడగండి. ఆ జవాబు మీకు విసుగు పుట్టిస్తే, ఆ ఉద్యోగం మీది కాదు.