పేరు పెట్టని ఈగలు మన బీరువాల్లోనే ఉన్నాయి

ఆగస్టు 20, దోమల దినోత్సవం సందర్భంగా ఒక డిగ్రీ కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం

అధ్యక్షులవారికి, ప్రిన్సిపాల్ గారికి, జంతుశాస్త్ర విభాగం మిత్రులకు, పిల్లలందరికీ నమస్కారం. శాలువా కప్పారు, నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు, చాలా సంతోషం. టైమ్ తక్కువగా ఉంది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

దోమల నివారణ మీద మాట్లాడమని పిలిచారు. నీళ్లు నిలవ ఉంచొద్దు, దోమతెర కట్టుకోండి, కూలర్ వారానికోసారి కడగండి అని ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి చెబుతున్నారు, నాకంటే బాగా చెబుతున్నారు. నేను ఇవాళ వేరే సంగతి ఎత్తుకుంటాను. దోమలకీ ఈగలకీ పేర్లు ఎలా పడతాయి, ఎక్కడ పడతాయి, పడకపోతే మనకేం నష్టం అన్నది.

దోమా ఈగా వేరువేరు అనుకుంటాం గాని, రెండూ ఒకే కోవకు చెందినవి. ఇంటి ఈగ, జోరీగ, మామిడికాయకు పుచ్చు తెచ్చే పండు ఈగ, వరికి ఉల్లికోడు తెచ్చే చిన్న ఈగ, అన్నీ డిప్టెరా. మామూలు కీటకాలకు నాలుగు రెక్కలుంటే వీటికి రెండే ఉంటాయి. వెనక జత చిన్న బొడిపెలుగా మిగిలిపోయింది. ఎగిరేటప్పుడు ఒరిగిపోకుండా కాపాడేవి ఆ బొడిపెలే. వీటిలో ఇప్పటికి ప్రపంచం మొత్తం మీద దాదాపు 1,60,000 జాతులకు పేర్లు పెట్టారు. పెట్టాల్సినవి ఇంకా చాలా ఉన్నాయని ఈ పనిలో ఉన్నవాళ్లందరూ ఒప్పుకుంటారు.

ఇప్పుడు మలేరియా గుట్టు విప్పిన డాక్టర్ రోనాల్డ్ రాస్ దగ్గరికి వద్దాం. ఇవాళ్టి రోజు ఆయన పేరు మీదే కదా జరుపుకుంటున్నాం. 1897 ఆగస్టు, మన సికింద్రాబాద్. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి, ఒక్కో దోమ కాటుకు ఒక అణా చొప్పున తీసుకుని దోమల చేత కుట్టించుకున్నాడు. ఆ దోమల్లో ఒకదాన్ని నాలుగు రోజుల తర్వాత, 20వ తేదీన, రాస్ కోసి చూస్తే కడుపు గోడలో నల్లటి రంగు రేణువులున్న గుండ్రటి కణాలు కనబడ్డాయి. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతోందని తెలిసిన రోజు అది. ఇంతవరకూ మీ పాఠంలో ఉంది.

పాఠంలో లేనిది చెబుతాను. ఆ దోమ ఏ దోమ? రాస్‌కి తెలియదు. రెక్కల మీద మచ్చలున్న దోమ అని రాసుకున్నాడు. ఆ ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన ఆయన వ్యాసం శీర్షికలో కూడా ఉన్నది ‘రెండు దోమలు’ అనే. పేరు లేదు. వ్యాసం అచ్చు కాకముందే, సెప్టెంబరులోనే, ఆయన్ని సికింద్రాబాద్ నుంచి బదిలీ చేసి రాజపుతానాలోని, అంటే ఇప్పటి రాజస్థాన్‌లోని, ఖేర్వారాకు పంపారు. ఒక్కసారి ఆలోచించండి. కొత్త ఊళ్లో దిగిన మనిషి ‘నాకు ఫలానా దోమ కావాలి’ అని ఎవర్ని అడగాలి? ఏ పుస్తకం తిప్పాలి?

మన దక్కన్‌లో మలేరియా మోసే ముఖ్యమైన దోమలు రెండు. అనాఫిలస్ స్టీఫెన్సీ, అనాఫిలస్ క్యులిసిఫేసీస్. మొదటిదానికి లిస్టన్ పేరు పెట్టాడు, రెండోదానికి జైల్స్ పెట్టాడు. రెండూ 1901లోనే. అంటే బేగంపేటలో రాస్ మైక్రోస్కోపు ముందు కూర్చున్ననాటికి ఈ రెండు దోమలకూ శాస్త్రంలో పేరే లేదు. అనాఫిలస్ అన్న ప్రజాతి పేరు 1818లోనే మైగెన్ పెట్టి ఉంచాడు. దాని కింద మన దేశపు దోమల్ని విడదీసి వర్ణించినవాళ్లు లేరు, అంతే.

ఆ తర్వాత ఏమైందో వినండి, నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. మలేరియా దోమ వల్ల వస్తుందని తేలగానే బ్రిటిష్ ప్రభుత్వం అన్ని వలస దేశాల నుంచీ దోమల్ని పట్టి లండన్ మ్యూజియానికి పంపమంది. డాక్టర్లు, ఆఫీసర్లు పంపారు. పిన్ను గుచ్చినవి, డబ్బాల్లో పెట్టినవి, దారిలో కాళ్లు విరిగినవి కూడా చేరాయి. థియోబాల్డ్ అనే ఆయన ఇంగ్లండులో కూర్చుని వాటిని ఒక్కొక్కటీ చూసి, వందలకొద్దీ కొత్త జాతుల్ని వర్ణిస్తూ 1901 నుంచి 1910 దాకా అయిదు సంపుటాలు వేశాడు. అడవికి వెళ్లి పట్టలేదు, పెట్టెలు తెరిచి చూశాడు. కొత్త జాతి అనగానే మనకి టార్చిలైట్ పట్టుకుని కొండలెక్కే మనిషి గుర్తొస్తాడు. ఈగల విషయంలో కొత్త జాతి చాలాసార్లు బీరువాలోనే బయటపడుతుంది.

పిల్లలు ఉన్నారు కాబట్టి ఆ పని ఎలా చేస్తారో చెప్పాలి. ముందు పెట్టెలో ఒక ఈగ ఉంటుంది, ఎప్పుడో ఎవరో పట్టింది. ఎండి గరగరలాడుతూ ఉంటుంది, ముట్టుకుంటే కాలు ఊడుతుంది. అందుకని తడి ఇసుక పోసిన మూత డబ్బాలో, బూజు రాకుండా రెండు చుక్కల మందు వేసి, రాత్రంతా ఉంచుతారు. తెల్లారేసరికి మెత్తబడుతుంది. అప్పుడు పొట్ట చివర కొసను సన్నటి కత్తెరతో కత్తిరించి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వెచ్చబెడతారు. కండ, కొవ్వు కరిగిపోయి గట్టి భాగాలు మిగులుతాయి. వాటిని గ్లిజరిన్ చుక్కలో పెట్టి మైక్రోస్కోపు కింద చూడాలి. మగ ఈగ జననాంగాల్లో కొక్కేలు, ముళ్లు, చిన్న చిన్న పలకలు కనబడతాయి. పైకి ఏ తేడా కనబడని రెండు ఈగలు ఇక్కడ విడిపోతాయి. బొమ్మ గీసుకుని, ఆ కత్తిరించిన ముక్కను బుల్లి సీసాలో వేసి, అదే ఈగ పిన్నుకు కింద గుచ్చాలి. ముక్క ఒక చోట, ఈగ ఒక చోట అయిందంటే పని మొత్తం పోయినట్టే.

ఇదంతా సగం పని. ఇది కొత్తదని ఎలా తెలుస్తుంది? అంతకుముందు పేరు పెట్టినవాటితో పోల్చాలి. ఈగలకి 1758లో లినేయస్ పెట్టిన పేర్ల నుంచీ అన్నీ లెక్కలోకి వస్తాయి. ప్రతి జాతికీ ఆధారంగా ఒక్క నమూనా ఉంటుంది, హోలోటైప్ అంటారు, దానికి ఎర్ర లేబుల్ పెడతారు. మన దేశపు ఈగల హోలోటైపులు కొన్ని కలకత్తాలో, కొన్ని లండన్‌లో ఉన్నాయి. వాటిని చూడాలి, కనీసం ఫోటోలు తెప్పించుకోవాలి. తేడా ఖాయమైతే మన పెట్టెలోంచి ఒకదాన్ని హోలోటైప్‌గా ఎంచి, వర్ణన రాసి, అచ్చు వేయించాలి. అప్పుడు గాని పేరు పడదు.

ఈ ఆలస్యాన్ని 2012లో ఫ్రాన్స్ పరిశోధకులు లెక్కగట్టారు. ఒక జీవిని మొదటిసారి పట్టిన రోజుకీ దానికి కొత్త జాతిగా పేరు పడిన రోజుకీ మధ్య సగటున 21 ఏళ్లు పడుతోందట. ఆస్ట్రేలియాలో ఒక జోరీగ ఉంది. పొట్ట చివర బంగారు రంగు వెంట్రుకలు ఉంటాయి. 1981లో క్వీన్స్‌ల్యాండ్‌లో పట్టారు, 2011లో లెస్సార్డ్, యేట్స్ అనే శాస్త్రవేత్తలు దానికి పాప్ గాయని బియాన్సే పేరు పెట్టారు. పేపర్లన్నీ ఆ పేరు గురించే రాశాయి. నేను మాత్రం మధ్యలోని 30 ఏళ్ల గురించి ఆలోచించాను. ఆ 30 ఏళ్లూ ఎవరో ఆ పెట్టె మూత సరిగ్గా బిగించారు, పురుగు పట్టకుండా చూశారు, గది మారినప్పుడు జాగ్రత్తగా మోశారు. ‘ఇదెందుకు, పారేద్దాం’ అని ఒక్కరూ అనలేదు. నాకు చెయ్యెత్తి దండం పెట్టాలనిపించేది వాళ్లకి.

ఎందుకంటే, అలా అనేవాళ్లను నేను చూశాను.

నేను పనిచేసిన ఒక కాలేజీ సంగతి, పేరు చెప్పను. అక్కడ నాకంటే ముందు పనిచేసిన మాస్టారు ఒకాయన ప్రతి దసరా సెలవులకీ వల పట్టుకుని ఏటూరునాగారమో, మన్ననూరో, మారేడుమిల్లో వెళ్లేవారు. ఎగురుతూనే వేరే పురుగుల్ని పట్టి రసం పీల్చేసే ఈగలుంటాయి, రాబర్ ఫ్లైస్ అంటారు, ఆయన ఇష్టం అవి. సొంత డబ్బుతో బస్సెక్కేవారు. టీఏ డీఏ ఏమీ లేవు. ప్రతి ఈగ కిందా ఆయన చేతిరాతతో లేబుల్ ఉండేది: ‘ఏటూరునాగారం, వాగు ఒడ్డు, తునికి చెట్టు మొదలు, సాయంత్రం, 12-10-1979’. అన్నీ నల్ల ఇండియన్ ఇంకుతో, చీమ తలకాయంత అక్షరాలు. ఎక్కడా పోలిక కుదరని ఈగల్ని వేరే పెట్టెలో ఉంచి, మూత మీద ‘పోల్చాలి’ అని రాసిపెట్టారు. రిటైరయ్యేటప్పుడు ఆ పెట్టె నాకు చూపించి, ‘అమ్మా, వీటికి పేర్లు వెతుకు’ అన్నారు.

ఒక వేసవి సెలవుల్లో తనిఖీ బృందం వస్తోందని కాలేజీలో హడావిడి. కంప్యూటర్ ల్యాబ్‌కి గది కావాల్సి వచ్చింది. కీటకాల బీరువాలు తీసి వరండాలో పెట్టారు. నాకు ఫోన్ చెయ్యలేదు, ఉత్తరం రాయలేదు. జూన్‌లో నేను వెళ్లేసరికి తొలకరి పడిపోయింది. చెక్క ఉబ్బి మూతలు విచ్చుకున్నాయి, పిన్నులు గుచ్చే కార్క్ లేచిపోయింది, బూజు, దాని మీద చిన్న పెంకు పురుగుల పిల్లలు. అవి ఎండిన కీటకాల్నే తిని బతుకుతాయి, ప్రతి మ్యూజియానికీ శత్రువు అవే. ‘పోల్చాలి’ అన్న పెట్టె తెరిచాను. లేబుళ్లు చక్కగా ఉన్నాయి, ఇండియన్ ఇంకు చెరగదు కదా. పిన్నులున్నాయి. ఈగలు లేవు. కార్క్ మీద కాసిని రెక్క ముక్కలు, పొడి.

పైవాళ్ల దగ్గరికి వెళ్లి అడిగాను. ‘పురుగులే కదా మేడమ్, మళ్లీ పట్టుకోండి’ అన్నారు. ఈ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. 1979 నాటి వాగు ఒడ్డుకి నేను ఎలా వెళ్లాలి? ఆ ఏడు ఆ చెట్టు కింద ఏ ఈగ ఉండేదో చెప్పే సాక్ష్యం ఆ పిన్ను మీద ఉన్నదొక్కటే. మాస్టారికి ఆ సంగతి చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. ఆయన ఏమీ అనలేదు. టీ తాగి వెళ్లమన్నారు.

నిర్లక్ష్యానికి పెద్దా చిన్నా తేడా లేదు. 2016లో ఢిల్లీ మండీ హౌస్ దగ్గర ప్రకృతి చరిత్ర మ్యూజియం తగలబడింది. 2018లో బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడి లక్షలాది కీటకాలు ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి. అవి పేపర్లో వచ్చాయి. వరండాలో తడిసిన పెట్టెలు రావు.

ఇక పేరు పెడితే ఏమొస్తుందంటారా? కలకత్తాలో ఎన్రికో బ్రూనెట్టి అని ఒకాయన ఉండేవాడు. వృత్తి సంగీతం, ప్రాణం ఈగలు. ఇండియన్ మ్యూజియంలో కూర్చుని మన దేశపు ఈగల మీద 1912, 1920, 1923ల్లో మూడు సంపుటాలు రాశాడు. దానికి ముందు 1908లో అన్నండేల్ అనే ఆయనతో కలిసి ఒక చిన్న ఇసుక ఈగకు ఫ్లెబోటోమస్ అర్జెంటిపెస్ అని పేరు పెట్టాడు. దోమలో మూడో వంతు ఉంటుంది. ఎవరికి పనికొస్తుందని అప్పుడు అడిగి ఉంటే జవాబు లేదు. 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ కలిసి కాలా అజార్ జ్వరాన్ని మనుషులకు అంటించేది ఆ ఈగేనని రుజువు చేశారు. 34 ఏళ్ల ముందు మ్యూజియంలో పెట్టిన పేరు అక్కరకు వచ్చింది.

మనకు దగ్గరి సంగతి ఇంకొకటి. 2003లో చండీపుర వైరస్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని పట్టింది. 329 మందికి సోకితే 183 మంది చనిపోయారు. పొద్దున జ్వరం, మర్నాటికి పిల్లాడు లేడు. అమ్మానాన్నలకి ఏమైందో అర్థమయ్యే లోపే. తర్వాత కరీంనగర్ జిల్లాలో పట్టిన సెర్జెంటోమియా అనే ఇసుక ఈగల్లో ఆ వైరస్ కనబడింది. ఆ ఈగల్ని జాతులుగా విడదీయాలంటే తల కోసి స్లైడ్ మీద పెట్టి, గొంతులో ఉండే పళ్ల వరసలు చూడాలి. అది చూడగలిగినవాళ్లు రాష్ట్రంలో ఎంతమంది ఉన్నారు? ఈ హాల్లో ఎంతమంది? చేతులెత్తమని అడగను. కానీ ఈ కాలేజీ నుంచి ఇద్దరు నేర్చుకుంటే చాలు, రేపు ఏ జ్వరం వచ్చినా మనం ఎక్కడికో పార్సిల్ పంపి జవాబు కోసం ఎదురుచూడక్కర్లేదు.

రైతుబిడ్డలకి ఒక మాట. మన ఉల్లికోడు ఈగకు వుడ్-మేసన్ 1889లో పేరు పెట్టాడు. ఆఫ్రికా వరిలోనూ అదే ఉందని చాలాకాలం అనుకున్నారు. 1982లో హారిస్, గానే అనే ఇద్దరు రెండు చోట్ల నమూనాల్నీ పక్కపక్కన పెట్టి చూసి, ఆఫ్రికాది వేరే జాతి అని వర్ణించారు. ఒక చోట ఈ తెగులుకి తట్టుకునే విత్తనం ఇంకో చోట తట్టుకుంటుందో లేదో ఆలోచించేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు అసలు అడగాల్సింది అడుగుతాను. ఈ కాలేజీ జువాలజీ స్టోర్‌లో పాత కీటకాల పెట్టెలు ఉన్నాయని పొద్దున అటెండర్ గారు చెప్పారు. ఆయన్ని కూడా ముందు వరసలోకి పిలవండి, దయచేసి. ఇన్నేళ్లూ జీతంలోంచి కలరా ఉండలు కొని వేస్తున్నది ఆయనే. ఆ ఉండలు కాలేజీ ఖర్చుతో కొనాలి, అది మొదటిది. పాత లేబుల్ ఎంత చిరిగినా తీసెయ్యొద్దు, తిరగరాయొద్దు. కొత్తది రాస్తే దాని కిందే గుచ్చండి. ప్రతి పెట్టెకీ, ప్రతి లేబుల్‌కీ ఫోన్‌తో ఫోటో తీసి ఒక ఫైల్లో ఎక్కించండి, ఇది డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు చెయ్యగలరు. కొత్తదేమో అనిపించిన ఈగ దొరికితే దాచుకోవద్దు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి నమూనా ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో జమ కావాలి. మనకి జువలాజికల్ సర్వే ఉంది, హైదరాబాద్‌లో వాళ్ల కేంద్రం కూడా ఉంది. వాళ్లకి రాయండి, అడగండి, విసిగించండి.

నేను ప్రతి శనివారం వస్తాను. మైక్రోస్కోపు, సన్న కత్తెరలు నావే తెచ్చుకుంటాను. నేర్చుకోవాలనుకున్నవాళ్లు సభ అయ్యాక పేర్లు ఇవ్వండి. ప్రిన్సిపాల్ గారూ, ఆ స్టోర్ గది తాళం ఎవరి దగ్గర ఉందో ఇప్పుడే ఈ మైకులో చెప్పండి.