ముప్పై అయిదులో మిగిలిన ఆరు: బ్రిటన్ ఏ4 ఇంజన్లపై చర్చ

లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే కోసం 1935, 1938 మధ్య డాంకాస్టర్ కర్మాగారంలో తయారైన ఏ4 తరగతి ఆవిరి ఇంజన్లపై జరిగిన చర్చ పాఠం ఇది. ఆధునిక బ్రిటన్ చరిత్ర బోధించే అధ్యాపకురాలు, విజయవాడ షెడ్డులో పనిచేసిన విశ్రాంత లోకో ఇంజనీరు స్టూడియోలో పాల్గొన్నారు. యార్క్ నగరంలో స్థిరపడిన తెలుగు సిగ్నలింగ్ ఇంజనీరు వీడియో ద్వారా మాట్లాడారు.

సమన్వయకర్త: ప్రేక్షకులందరికీ నమస్కారం. ముందుగా ఒక చిన్న లెక్క చెబుతాను. ఏ4 ఇంజన్లు మొత్తం 35 తయారయ్యాయి. వాటిలో ఒకటి యుద్ధంలో బాంబు దాడికి గురై పోయింది, 28 ఇంజన్లను 1960లలో తుక్కు కింద ముక్కలు చేశారు, ఆరు మాత్రం ఈనాటికీ ఉన్నాయి. ఆ ఆరు మాత్రమే ఎందుకు మిగిలాయన్నది ఈరోజు మన ప్రశ్న. మేడమ్, మీతో మొదలుపెడదాం.

అధ్యాపకురాలు: ఆ ఆరింటిని ఎవరూ ఒకచోట కూర్చుని, పద్ధతిగా పరిశీలించి ఎంపిక చేయలేదండీ. ఇంజన్ చేసిన పనికంటే దానికి పెట్టిన పేరు, దాన్ని కాపాడాలని పట్టుబట్టిన మనుషులు, కొంత అదృష్టం కలిసి ఆ నిర్ణయం చేశాయని నా అభిప్రాయం. దీనికి అన్నిటికంటే బలమైన సాక్ష్యం మొదటి ఇంజన్ అయిన సిల్వర్ లింక్. అయిదో జార్జి రాజు పాలనకు 25 ఏళ్లు నిండిన సందర్భంగా 1935 సెప్టెంబర్ 30న సిల్వర్ జూబ్లీ అనే రైలు మొదలైంది. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి న్యూకాజిల్ వరకు 268 మైళ్ల దూరాన్ని నాలుగు గంటల్లో చేర్చాలన్నది దాని షరతు. అంతకు మూడు రోజుల ముందు పత్రికలవారిని ఎక్కించుకుని జరిపిన ప్రయాణంలో సిల్వర్ లింక్ రెండుసార్లు గంటకు 112.5 మైళ్ల వేగాన్ని, అంటే దాదాపు 181 కిలోమీటర్లను అందుకుంది. రైలు మొదలయ్యేనాటికి దాని తోటి ఇంజన్లు ఇంకా సిద్ధం కాలేదు. అందువల్ల మొదటి రెండు వారాలూ వారానికి అయిదు రోజుల చొప్పున, రోజుకు 536 మైళ్లు ఆ ఒక్క ఇంజనే లాగింది, ఒక్కసారి కూడా మొరాయించలేదు. అలాంటి ఇంజన్‌ను 1963లో అది పుట్టిన డాంకాస్టర్‌లోనే కోసివేశారు. ఈ విషయం చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది.

సమన్వయకర్త: ఇంజనీరు గారూ, కొత్త ఇంజన్‌కు అంత నిలకడ ఎక్కడి నుంచి వచ్చిందంటారు?

లోకో ఇంజనీరు: దాని రూపకర్త నైజెల్ గ్రెస్లీ సున్నా నుంచి మొదలుపెట్టలేదు. అప్పటికే ఆయన చేసిన ఏ3 ఇంజన్లు, అంటే ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ తరగతివి, గంటకు వంద మైళ్లు దాటగలవని తేలింది. వాటి బాయిలర్‌ను మెరుగుపరిచి, ఆవిరి ఒత్తిడిని చదరపు అంగుళానికి 250 పౌండ్లకు పెంచి, బాయిలర్ నుంచి సిలిండర్ దాకా, సిలిండర్ నుంచి చిమ్నీ దాకా ఆవిరి సాగే దారులను ఎక్కడా నొక్కుకుపోకుండా నున్నగా తీర్చారు. జనం ఇంజన్ ముందున్న ఆ వాలు ముక్కును చూసి, గాలిని చీల్చడంలోనే రహస్యమంతా ఉందనుకుంటారు. అది కొంతవరకే నిజం. ఆ ముక్కు వల్ల పొగ పైకి లేచి డ్రైవర్ కళ్లకు అడ్డం రాకుండా పోవడం కూడా పెద్ద ప్రయోజనమే. అయితే అసలు బలం లోపలి దారుల్లో ఉంది. వాడిన ఆవిరి ఎంత సులువుగా బయటికి పోతే ఇంజన్ అంత స్వేచ్ఛగా పరుగెత్తుతుంది.

ఇక లోపం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇది మూడు సిలిండర్ల ఇంజన్. బయటి రెండు సిలిండర్లకు వాల్వు గేర్లు, అంటే సిలిండర్‌లోకి ఆవిరి రాకపోకలను నడిపే యంత్రాంగాలు, విడివిడిగా ఉన్నాయి. మధ్య సిలిండర్‌కు మాత్రం సొంత గేర్ లేదు. ఆ రెండింటి కదలికను ఇంజన్ ముందు భాగంలో అడ్డంగా అమర్చిన మీటలతో కలిపి మధ్య వాల్వును ఆడించేవారు. కొత్తలో అది చక్కగా పనిచేస్తుంది. పిన్నులు అరిగేకొద్దీ, ఒక్కో కీలు దగ్గరి చిన్న వదులు పోగై మధ్య వాల్వు దగ్గర పెద్దదవుతుంది. అప్పుడు వేగంగా పోతున్నప్పుడు మధ్య సిలిండర్ తన వాటాకు మించిన పని చేస్తుంది, ఆ బరువంతా దాని కనెక్టింగ్ రాడ్ పెద్ద కొస మీద పడుతుంది. షెడ్డులో మేము దాన్ని బిగ్ ఎండ్ అనేవాళ్లం. అక్కడ వేడి పుట్టిందంటే ప్రయాణం అంతటితో ముగిసినట్టే.

సమన్వయకర్త: 1938లో మల్లార్డ్ అనే ఏ4 ఇంజన్‌కు జరిగింది అదే కదా?

లోకో ఇంజనీరు: అవునండీ. 1938 జూలై 3న, ఆరు పెట్టెలతోపాటు వేగాన్ని నమోదుచేసే డైనమోమీటర్ పెట్టెను కలిపి, దాదాపు 240 టన్నుల బరువుతో మల్లార్డ్‌ను నడిపారు. బయటికి మాత్రం బ్రేకుల పరీక్ష అనే చెప్పారు. డ్రైవర్ జో డడింగ్టన్, ఫైర్‌మన్ టామీ బ్రే. గ్రాంథమ్ దాటాక స్టోక్ దగ్గర నుంచి పీటర్‌బరో వైపు దిగే పల్లంలో వేగం 126 మైళ్లను తాకింది, అంటే 203 కిలోమీటర్లు. జర్మనీలో 1936లో 05 002 అనే ఇంజన్ నెలకొల్పిన 124.5 మైళ్ల రికార్డు దీంతో పోయింది. ఆ తర్వాత ఏ ఆవిరి ఇంజన్ కూడా దీన్ని దాటినట్టు ధ్రువపడలేదు. మల్లార్డ్‌కు అప్పటికి నాలుగు నెలల వయసు, పైగా పొగను మరింత బలంగా లాగే కిల్‌చాప్ జోడు చిమ్నీ దానికి ఉంది. మధ్య బిగ్ ఎండ్‌లో, వేడెక్కితే పగిలి ఘాటైన సోంపు వాసన వదిలే గుళికను ముందే పెట్టారు. ఆ పరుగులో ఆ వాసన రానే వచ్చింది. ఇంజన్ నెమ్మదిగా పీటర్‌బరో చేరింది, అక్కడి నుంచి ఆ రైలును పాత ఇంజన్ ఒకటి లండన్ తీసుకువెళ్లింది.

అధ్యాపకురాలు: చూశారా, పరుగు చివర పాడైన ఇంజన్ మ్యూజియం చేరింది, రెండు వారాలు ఒంటరిగా పని చేసి నిలబడ్డ ఇంజన్ తుక్కయింది.

లోకో ఇంజనీరు: మేడమ్, మల్లార్డ్‌కు అన్యాయం చేయకండి. ఆ వేడెక్కడం ఆ ఒక్క ఇంజన్ తప్పు కాదు, ఆ తరగతి మొత్తానికీ ఉన్న బలహీనత. మల్లార్డ్ 1963 దాకా ఎక్స్‌ప్రెస్‌లు లాగింది. దాన్ని ఉంచడం సరైన పనే, సిల్వర్ లింక్‌ను కూడా ఉంచి ఉండవలసింది.

అధ్యాపకురాలు: మీరన్నది ఒప్పుకుంటాను. నా బాధ రెండోదాని గురించే.

సమన్వయకర్త: యార్క్ నుంచి మనతో ఉన్న మిత్రుణ్ణి అడుగుదాం. మీ ఊళ్లోనే ఒక ఏ4 ఇంజన్ యుద్ధంలో పోయిందని విన్నాం.

యార్క్ నుంచి: అవునండీ. 4469 నంబరు ఇంజన్ అది. మొదట దాని పేరు గాడ్వాల్, 1939లో సర్ రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ అని మార్చారు. 1942 ఏప్రిల్ 29 తెల్లవారుజామున జర్మన్ విమానాలు యార్క్ మీద బాంబులు వేసినప్పుడు, నార్త్ షెడ్డులో నిలిపి ఉన్న ఈ ఇంజన్ మళ్లీ బాగుచేయలేనంతగా దెబ్బతింది. దాని టెండర్, అంటే బొగ్గూ నీళ్లూ మోసే వెనుక బండి, మాత్రం పనికి వచ్చింది, తర్వాత మరో తరగతి ఇంజన్‌కు తగిలించారు. ఆ పేరును 1944లో ఇంకో ఏ4కు పెట్టారు. ఆ నార్త్ షెడ్డు ఉన్న చోటే ఇప్పటి జాతీయ రైల్వే మ్యూజియం పెద్ద హాలు ఉంది. మల్లార్డ్ ఉన్నది ఆ మ్యూజియంలోనే, 4469 పోయిన సంగతి చెప్పే ఫలకమూ అక్కడ ఉంది. మా పిల్లలకు మల్లార్డ్ వేగం గురించి చెప్పాక, వాళ్లను ఆ ఫలకం దగ్గరికి కూడా తీసుకువెళ్లకుండా నేను ఎప్పుడూ తిరిగి రాలేదు.

సమన్వయకర్త: ఇంజనీరు గారూ, ఆ మధ్య సిలిండర్ చిక్కును తర్వాత సరిచేయగలిగారా?

లోకో ఇంజనీరు: సరిచేశారు, కానీ ఆలస్యంగా. గ్రెస్లీ 1941లోనే కన్నుమూశారు. యుద్ధకాలంలో చక్రాలను కప్పే పక్క రేకులు ఊడదీశారు, నల్లరంగు పూశారు, నిర్వహణ కుంటుపడింది. మూడు సిలిండర్ల ఇంజన్‌కు అరుగుదలను కనిపెట్టి చూసే ఓపికైన చేతులు కావాలి, యుద్ధంలో ఆ చేతులు కరువయ్యాయి. 1950లలో కె. జె. కుక్ అనే ఇంజనీరు స్విండన్ కర్మాగారం నుంచి డాంకాస్టర్‌కు వచ్చి, ఫ్రేములను, అంటే ఇంజన్‌ను మోసే ఉక్కు చట్రాలను, కాంతి పరికరాలతో కొలిచి సరిగ్గా అమర్చే పద్ధతిని తెచ్చారు, మధ్య బిగ్ ఎండ్ బేరింగ్ తీరును కూడా మార్చారు. కింగ్స్ క్రాస్ షెడ్డు అధికారి పీటర్ టౌనెండ్ పట్టుబట్టడంతో, అంతవరకు నాలుగింటికే ఉన్న జోడు చిమ్నీని 1957, 58లలో మిగిలిన అన్నిటికీ పెట్టారు. ఎలిజబెతన్ అనే రైలు లండన్ నుంచి ఎడిన్‌బరో వరకు 393 మైళ్లు ఎక్కడా ఆగకుండా ఆరున్నర గంటల్లో వెళ్లేది, దాన్ని లాగింది ఈ ఇంజన్లే. అంత దూరం ఒకే జట్టు బొగ్గు వేయలేదు కనుక, టెండర్ పక్కగా మనిషి దూరి నడవగల సన్నని దారి ఉండేది. సగం దూరంలో కొత్త డ్రైవర్, ఫైర్‌మన్ ప్రయాణికుల పెట్టె నుంచి ఆ దారిలో ఇంజన్ మీదికి వచ్చేవారు. నీటిని పట్టాల మధ్య ఉన్న తొట్ల నుంచి పరుగులోనే తోడుకునేవారు. 1959లో సర్ నైజెల్ గ్రెస్లీ అన్న పేరున్న ఇంజనే డ్రైవర్ బిల్ హూల్ చేతిలో 112 మైళ్ల వేగాన్ని చూపింది. అంటే ఇంజన్లు తమ జీవితంలోకెల్లా బాగా పనిచేస్తున్న రోజుల్లోనే వాటి కాలం చెల్లిపోయింది.

అధ్యాపకురాలు: కారణం 1955 నాటి ఆధునికీకరణ ప్రణాళిక. డెల్టిక్ అనే డీజిల్ ఇంజన్లు 22 వచ్చాయి, ఒక్కొక్కటి 3,300 అశ్వశక్తి గలది, అవి 55 ఆవిరి ఇంజన్ల పని చేస్తాయని లెక్కవేశారు. 1962 డిసెంబర్ 29న ఒకే రోజు అయిదు ఏ4లను తొలగించారు, వాటిలో సిల్వర్ లింక్ ఒకటి. 1963 జూన్‌లో కింగ్స్ క్రాస్ షెడ్డు మూతపడింది. మిగిలినవాటిలో కొన్ని స్కాట్లాండ్‌కు వెళ్లి, గ్లాస్గో నుంచి అబర్దీన్‌కు మూడు గంటల్లో చేరే రైళ్లను 1966 సెప్టెంబర్ దాకా లాగాయి. ఆ చివరి అంకం లేకపోతే ఇప్పుడున్న ఆరింటిలో మూడు మిగిలేవి కావేమో. ఆ నాలుగేళ్ల వ్యవధిలోనే, ఇవి పోతున్నాయన్న సంగతి జనానికి ఎక్కి, కొనేవారు డబ్బు కూడబెట్టుకున్నారు.

లోకో ఇంజనీరు: ఇక్కడ మన దేశం మాట ఒకటి చెప్పాలి. బ్రిటన్ ఈ ఇంజన్లను కోస్తున్న ఆ సంవత్సరాల్లోనే మన చిత్తరంజన్‌లో డబ్ల్యూపీ ఎక్స్‌ప్రెస్ ఇంజన్లు కొత్తగా తయారవుతున్నాయి. వాటికీ ముక్కు ఉంది, అది తూటా ఆకారంలో ఉంటుంది, కానీ సిలిండర్లు రెండే, రెండూ బయటే. షెడ్డులో మేము వాటి అడుగున దూరనక్కర్లేకుండానే సగం పని చేసుకునేవాళ్లం. మన నేలకూ, మన బొగ్గుకూ ఆ సాదాతనమే సరిపోయింది. అయినా మూడు సిలిండర్ల ఇంజన్ చేసే ఆ గుసగుసలాంటి సమతూకపు చప్పుడు వినాలని నాకు ఎప్పుడూ ఉండేది.

సమన్వయకర్త: ఇక ఆ ఆరింటి సంగతి చూద్దాం.

అధ్యాపకురాలు: ప్రభుత్వం తన జాబితాలో ఉంచినది మల్లార్డ్ ఒక్కదాన్నే. రెండు పేరు బలంతో సముద్రం దాటాయి. మొదట గోల్డెన్ షటిల్ అయిన ఇంజన్‌కు యుద్ధం ముగిశాక డ్వైట్ డి. ఐసెన్‌హోవర్ పేరు పెట్టారు, అది 1964లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం గ్రీన్ బే మ్యూజియానికి వెళ్లింది. డొమినియన్ ఆఫ్ కెనడా 1966లో మాంట్రియల్ దగ్గరి మ్యూజియానికి చేరింది. మిగిలిన మూడింటినీ ప్రభుత్వంతో సంబంధం లేని మనుషులే కొన్నారు. సర్ నైజెల్ గ్రెస్లీని అభిమానుల సంఘం కొన్నది, యూనియన్ ఆఫ్ సౌత్ ఆఫ్రికాను స్కాట్లాండ్ రైతు ఒకరు కొన్నారు, బిటర్న్‌ను మరో ఔత్సాహికుడు కొన్నారు.

ఈ పేర్ల వరసలో మనకు సంబంధించినది కూడా ఒకటుంది. 1937లో కొరోనేషన్ రైలు కోసం అయిదు ఇంజన్లకు సామ్రాజ్యంలోని దేశాల పేర్లు పెట్టారు. కెనడా, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ పేర్లతో పాటు ఎంపైర్ ఆఫ్ ఇండియా కూడా ఉంది, నంబరు 4490. ఆ పేరు పెట్టిన పదేళ్లకే మనకు స్వాతంత్ర్యం వచ్చింది. ఇంజన్ మాత్రం అదే పేరుతో 1964 దాకా లండన్, ఎడిన్‌బరో దారిలోనూ, చివర స్కాట్లాండ్‌లోనూ తిరిగింది. తర్వాత ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ పేర్లున్నవాటిలాగే అదీ తుక్కయింది. ఆ పేరు మనం గర్వించవలసినదేమీ కాదు. అయినా ఒక తరం బ్రిటిష్ పిల్లలు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ ఇత్తడి అక్షరాల్లోనే మన దేశం పేరు చదివారు. చరిత్ర సాక్ష్యంగానైనా అది ఉండి ఉంటే బాగుండేదని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను.

యార్క్ నుంచి: 2013లో మల్లార్డ్ రికార్డుకు 75 ఏళ్లు నిండినప్పుడు, అమెరికా, కెనడాల్లోని రెండింటినీ 2012లోనే ఓడ మీద తెప్పించి, ఆరింటినీ ఇక్కడి మ్యూజియంలో టర్న్‌టేబుల్, అంటే ఇంజన్లను తిప్పే గుండ్రటి వేదిక, చుట్టూ నిలిపారు. 2014లో ఆ రెండూ తిరిగి వెళ్లిపోయాయి.

సమన్వయకర్త: ఇంజనీరు గారూ, మిగిలిన ఆరూ అసలైనవేనా? భాగాలు మార్చుతూ ఉంటారు కదా.

లోకో ఇంజనీరు: మంచి ప్రశ్న. డాంకాస్టర్‌లో పెద్ద మరమ్మతుకు వచ్చిన ఇంజన్ తన బాయిలర్‌తో బయటికి వెళ్లేది కాదు, అప్పటికి సిద్ధంగా ఉన్న బాయిలర్‌ను ఎత్తి దాని మీద పెట్టేవారు. టెండర్లూ అంతే. మల్లార్డ్ బాయిలర్ కూడా ఎన్నోసార్లు మారింది. కనుక ముక్కలైపోయిన ఇంజన్ల మీద ఒకప్పుడు ఉన్న భాగాలు ఈ ఆరింటిలో ఉండి ఉండవచ్చు. షెడ్డు మనిషికి ఇంజన్ అంటే ఫ్రేము, దాని మీది నంబరు.

అధ్యాపకురాలు: ఆ మాట వింటుంటే నాకు 1988 గుర్తొస్తోంది. మల్లార్డ్ రికార్డు యాభయ్యో వార్షికోత్సవం నాటికి జనం సిల్వర్ లింక్‌ను చూడాలనుకున్నారు, అది లేదు. అప్పుడు బిటర్న్‌కు వెండి బూడిదరంగు పూసి, చక్రాల మీద పక్క రేకులు మళ్లీ తొడిగి, 2509 అని సిల్వర్ లింక్ నంబరు వేసి ప్రదర్శించారు. 1963లో ఆ రేకులనూ ఆ నంబరునూ మోయవలసిన ఫ్రేమునే కోసేశారు కదా.

లోకో ఇంజనీరు: బిటర్న్ తర్వాత తన సొంత పేరుతో మళ్లీ పట్టాలెక్కింది మేడమ్. 2013లో ప్రత్యేక అనుమతితో గంటకు 90 మైళ్ల వేగంతో కూడా నడిచింది.