గోడ మీది, గుర్తు వాళ్లది

శ్రోతలందరికీ నమస్కారం.

ఎన్నికల షెడ్యూలు వచ్చిందని మధ్యాహ్నం వార్తల్లో వింటాం. సాయంత్రానికల్లా ఊళ్లో విగ్రహాలకు ముసుగులు పడతాయి. మున్సిపాలిటీ వాళ్లు నిచ్చెనలేసుకుని ఫ్లెక్సీలు దింపుతుంటారు. ‘కోడ్ వచ్చేసింది’ అనుకుంటాం. ప్రభుత్వ ఆఫీసుల మీదున్న పార్టీ రాతలు, పోస్టర్లు 24 గంటల్లో పోవాలి. బస్టాండ్లు, వంతెనలు, కరెంటు స్తంభాల మీదవి 48 గంటల్లో పోవాలి. ప్రైవేటు ఆస్తుల మీద అనుమతి లేకుండా పెట్టినవాటికి 72 గంటల గడువు. ప్రైవేటు ఆస్తులంటే మరేమిటో కాదు, మన ప్రహరీలు, మన డాబాలే. ఈ పూట వాటి సంగతే మాట్లాడుకుందాం.

ఒకరి స్థలంలో, ఇంటి మీద, ప్రహరీ మీద వాళ్ల అనుమతి లేకుండా జెండా కర్రలు పాతడం, బ్యానర్లు కట్టడం, నోటీసులు అంటించడం, నినాదాలు రాయడం వంటివి తమ మనుషులు చేయకుండా పార్టీలూ అభ్యర్థులే చూసుకోవాలి. ఎన్నికల నియమావళిలో, అంటే మనం ‘కోడ్’ అనేదాంట్లో, ఉన్నమాట ఇది. ‘కుర్రాళ్లు ఉత్సాహంకొద్దీ రాసేశారండీ’ అని తప్పించుకుంటే కుదరదన్నమాట.

మరి ఊళ్లో జరిగేదేమిటి? రాత్రి పది దాటాక సున్నం బకెట్టు, కుంచెలు పట్టుకుని నలుగురొస్తారు. గోడకి తెల్లగా ఒక పూత వేస్తారు. తెల్లారి తలుపు తీసేసరికి మనిషెత్తు గుర్తు, దాని కింద ‘మీ అమూల్యమైన ఓటు’. ఇదేంటయ్యా అంటే, ‘మనింటి గోడే కదా పిన్నీ, ఎలక్షనయ్యాక మేమే సున్నం కొట్టిస్తాం’ అంటారు. కొట్టించిన వాణ్ని నేనైతే చూడలేదు. కిందటిసారి ఓడిపోయినాయన పేరు ఇంకా మసగ్గా కనబడుతూనే ఉంటుంది.

గోడ రాతలు, జిగురు పోస్టర్ల వంటివి ఒక పట్టాన పోవు. వీటికి స్థానిక చట్టం ఒప్పుకోవాలి, ఇంటి యజమానీ ఒప్పుకోవాలి. చట్టం ఒప్పుకోని చోట యజమాని సంతకం చూపించినా ఎన్నికల సంఘం వినదు. సులువుగా విప్పేయగలిగే జెండాలు, బ్యానర్లయితే ఆ ఇంట్లో ఉంటున్నవారి అనుమతితో కట్టుకోవచ్చు. ఆ అనుమతి కాగితం మీద ఉండాలి, ఇష్టపడి ఇచ్చిందై ఉండాలి. దాని నకలును మూడు రోజుల్లో రిటర్నింగ్ అధికారికి, అంటే ఆ నియోజకవర్గంలో ఎన్నిక జరిపించే అధికారికి, అందజేయాలి. ఎవరి ఇల్లు, ఎక్కడుంది, ఎంత ఖర్చయింది అన్నవి కూడా అందులో రాయాలి.

ఖర్చు ఎందుకంటారా? 2022 నుంచి మన రెండు రాష్ట్రాల్లోనూ అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలకు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలకు మించి ఖర్చు పెట్టకూడదు. మీ డాబా మీద వేలాడే బ్యానరు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అందుకే చాలామందికి కాగితం అంటే గిట్టదు. మొహమాటానికి కాదనలేనివాళ్లకు ఇంతకన్నా మంచి ఉపాయం నాకు కనబడలేదు. ‘కట్టుకో నాయనా, కాగితం పట్రా, సంతకం పెడతాను. అధికారికి ఇచ్చిన నకలు మాత్రం నాకూ ఒకటి చూపించు’ అనండి. మళ్లీ వస్తారేమో చూడండి.

ఇంకోవైపు, మనకే ఒక పార్టీ మీద అభిమానం ఉండొచ్చు. మన ఇంటి మీద మనం ఇష్టంగా జెండా కట్టుకుంటే ఎవరూ వద్దనరు, పక్కింటివాళ్లకు ఇబ్బంది లేకుంటే చాలు. కానీ ‘ఫలానా ఆయన్నే గెలిపించండి’ అని సొంత డబ్బుతో బ్యానరు వేయిస్తే మాత్రం ఆ అభ్యర్థి రాతపూర్వకంగా ఒప్పుకుని ఉండాలి. లేకపోతే భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షను కింద పదివేల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అభిమానానికి కూడా అనుమతేమిటని మీరు నవ్వుకోవచ్చు. అభిమానుల పేరు చెప్పి అసలు ఖర్చు దాచేయకుండా పెట్టిన నిబంధన అది.

గోడమీద పోస్టరు కనిపిస్తే అడుగున చిన్న అక్షరాలు చూడండి. అచ్చు వేసినవారి పేరు, వేయించినవారి పేరు, చిరునామాలతో సహా ఉండాలి. లేకుంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ.

చెప్పకుండా గోడ పాడుచేశారనుకోండి. వీధిలో కొట్లాట పెట్టుకోనక్కర్లేదు. ఎన్నికల సంఘం వారి సీ-విజిల్ యాప్‌లో అక్కడే నిలబడి ఫోటో తీసి పంపొచ్చు, పేరు చెప్పకుండా కూడా. వంద నిమిషాల్లో దాని సంగతి తేల్చాలన్నది వాళ్లు పెట్టుకున్న లెక్క.

ఇక పోలింగు రోజు. మీ ఇల్లు బడి పక్కనే ఉండి, ఆ బడిలోనే పోలింగ్ కేంద్రం పెట్టారనుకుందాం. కేంద్రానికి వంద మీటర్ల లోపు ఎన్నికలకు సంబంధించిన ఏ గుర్తూ, ఏ నోటీసూ కనబడకూడదు. ప్రైవేటు స్థలానికీ ఇది వర్తిస్తుందని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే రాశారు. జరిమానా 250 రూపాయలకు మించదు గానీ, పోలీసులు గుమ్మంలోకి వస్తారు. కాబట్టి ముందురోజు సాయంత్రమే ఆ జెండా దించి లోపల పెట్టేసుకోండి.

నమస్కారం.