మైక్‌సెట్టు పెట్టెలో ఐదు ప్లేట్లు: ఏది కొనాలి, ఏది వదిలెయ్యాలి

నమస్కారమండీ. బల్ల మీద ఐదు పాత గ్రామఫోను ప్లేట్లున్నాయి. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత సామాన్ల కొట్లో "రికార్డులేమైనా ఉన్నాయా" అని అడిగితే ఎక్కువగా బయటికొచ్చే సరుకు ఇలాంటిదే. కొంత పెళ్ళిళ్ళకీ, అమ్మవారి సంబరాలకీ మైక్‌సెట్టు అద్దెకిచ్చినవాళ్ళ పెట్టెలోది, కొంత ఇళ్ళలో అటక మీంచి దిగినది. అమ్మేవాయన మాట కూడా ఒకటే: "అరవయ్యేళ్ళ నాటిది బాబూ, ఇప్పుడిలాంటిది ఏటి దొరుకుతాది?" వయసు నిజమే కావచ్చు. వయసుకి మాత్రం డబ్బివ్వకండి. గాడి, అంటే ముల్లు నడిచే సన్న చాలు, ఎంత మిగిలింది, ఆ ప్లేటు కావాలనేవాళ్ళు ఎందరున్నారు, ధర వీటి మీదే ఆధారపడుతుంది.

మొదటి ప్లేటు చూద్దాం. పాత సినిమా పాట, 10 అంగుళాల 78, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు. చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది, ఇంచుమించు 200 గ్రాములు. ఇది వినైల్, అంటే తర్వాతి ప్లేట్ల ప్లాస్టిక్, కాదండీ. లక్క, రాతిపొడి, నలుపు కోసం మసి, కొంచెం నూలు పీచు కలిపి అచ్చు వేసింది. చేయి జారితే ముక్కలే. ఒక్కో వైపు 3 నిమిషాల పైచిలుకు, అంటే ఒక పాట. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో 1928లో పెట్టిన ఫ్యాక్టరీ నుంచే మన దేశంలో హెచ్‌ఎంవీ ప్లేట్లు ఊరూరికీ వెళ్ళాయి.

78 కొనేటప్పుడు ముందు బీట చూడాలి. సన్న బీట కంటికి దొరకదు. మధ్య కన్నంలో వేలు పెట్టి ప్లేటుని గాల్లో నిలబెట్టి, అంచు మీద గోటితో మెల్లగా కొట్టండి. కుండ కొనేటప్పుడు మోగించి చూస్తాం కదా, అదే పని. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే. ఆ బీట మీదికి ముల్లు వచ్చినప్పుడల్లా ఒక 'టక్', నిమిషానికి 78 టక్కులు.

దీనికి బీట లేదు, బాగానే మోగింది. ఇప్పుడు సెల్‌ఫోను టార్చి పక్కనుంచి, ఏటవాలుగా వేద్దాం. పైనుంచి వేస్తే అన్నీ మెరుస్తాయి, ఏమీ తెలియదు. ఇదిగో, ఇక్కడ చూడండి. నల్లగా ఉండాల్సిన గాడి బూడిదరంగుకి తిరిగింది. అది దుమ్ము కాదు, అరుగుదల. స్టీలు ముల్లు ఒక్కో వైపుకి ఒకటి చొప్పున మార్చాలని ఆ రోజుల్లో ముళ్ళ డబ్బా మీదే రాసి ఉండేది. ప్లేటులో రాతిపొడి ఉంది కదా, మొదటి తిప్పుల్లోనే అది ముల్లుని అరగదీసి గాడి ఆకారానికి తెస్తుంది. అదే ముల్లుతో నాలుగో పాటా ఐదో పాటా వేస్తే అరిగిన అంచు ఉలిలా గాడిని చెక్కేస్తుంది. పెళ్ళి పందిట్లో పాటపాటకీ ముల్లు మార్చే తీరిక ఎవరికుంటుంది! గొంతు పైకి వెళ్ళేచోట గాడి వంపులు పెద్దవి కాబట్టి ముందు అక్కడే తెల్లబడుతుంది, పాట వేస్తే అక్కడే బొంగురుపోతుంది. దీన్ని ఏ సబ్బూ, ఏ మెషీనూ బాగుచెయ్యలేవు.

ఇంకో గుర్తు లేబుల్ మీద ఉంటుంది. కన్నం చుట్టూ సన్నటి గీతలు కనిపిస్తున్నాయా? చీకట్లో తడుముకుంటూ ప్లేటుని స్పిండిల్ (ప్లేయర్ మధ్యలో ఉండే పుల్ల) మీద పెట్టినప్పుడల్లా ఒక గీత పడింది. గీతలు గుబురుగా ఉంటే ఎన్ని వందలసార్లు తిరిగిందో లెక్క వేసుకోండి. దీని లేబుల్ మీద సౌండ్ సర్వీసు పేరు కూడా రంగుతో రాసి ఉంది. ఊరి చరిత్రగా ముచ్చటే గానీ, రికార్డులు సేకరించే కలెక్టరు ధర తగ్గిస్తాడు. నా తీర్పు: పాట మీకు ప్రాణమైతే తప్ప వద్దు.

వదిలేముందు ఒక హెచ్చరిక. 78ని స్పిరిట్‌తో గానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గానీ తుడవకండి, శానిటైజర్ కూడా ఆల్కహాలే. లక్క అందులో కరుగుతుంది, ఒక్క తుడుపుతో పై మెరుపూ గాడీ రెండూ పోతాయి. డిస్టిల్డ్ నీళ్ళు, అందులో రెండు చుక్కల పాత్రల లిక్విడ్, మెత్తటి బ్రష్షు, తర్వాత ఉత్త డిస్టిల్డ్ నీళ్ళతో కడుగు, అంతే. నాననివ్వకూడదు, లేబుల్ తడవకూడదు. నూనె పూసి తళతళలాడించి అమ్మేవీ ఉంటాయి, వేలు రాస్తే జిడ్డు తగులుతుంది. ఆ జిడ్డుకి దుమ్మంతా గాడిలోనే అతుక్కుంటుంది.

రెండోది మన ఊరి సరుకు: ద్వారం వెంకటస్వామినాయుడు గారి వయొలిన్, 78. విజయనగరంలో 1919లో మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, వయొలిన్ చెప్పడానికి వచ్చినవారు ద్వారం వారు. 1936లో ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ఈ ప్లేటుకి కొనేవాళ్ళు సినిమా పాటల కలెక్టర్లు కారు, వయొలిన్ నేర్చినవాళ్ళూ, కచేరీ సంగీతం వినేవాళ్ళూ. అందుకే ఇక్కడ లెక్క మారుతుంది. టార్చి వెలుగులో గాడి కొంచెం తగ్గినా, సన్న గీతలున్నా దీన్ని వదలను. ఈ ప్లేట్లు మైక్‌సెట్టు పెట్టెల్లోకి వెళ్ళింది తక్కువ, ఇళ్ళలో ఉండి తక్కువసార్లు తిరిగినవే ఎక్కువ.

చూడాల్సింది ఏంటంటే, శాస్త్రీయ సంగీతంలో ఒకే కీర్తన రెండు వైపులా సాగుతుంది, ఒకటో భాగం, రెండో భాగం అని లేబుల్ మీద ఉంటుంది. ఒక వైపు అరిగిపోతే సగం కీర్తన పోయినట్టే. పద్యనాటకాల సెట్లకీ ఇదే తంటా. నాలుగైదు ప్లేట్లు కలిస్తే ఒక నాటకం, అందులో ఒక్కటి లేకపోయినా సెట్టు ధర రాదు, విడివిడి ప్లేట్ల ధరే. మన జిల్లాల్లో పద్యం అంటే చెవి కోసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు కాబట్టి, నిండు సెట్టు దొరికితే బేరం ఎక్కువ లాగకుండా తీసుకోండి.

నంబర్ల సంగతి. లేబుల్ మీదుండేది కేటలాగ్ నంబరు, రెండు వైపులా ఒకటే. లేబుల్ అంచుకీ గాడి చివరికీ మధ్య ఖాళీలో చెక్కి ఉండేది మ్యాట్రిక్స్ నంబరు, ఒక్కో వైపుకి ఒకటి. లేబుల్ చిరిగిపోయినా పాట ఏదో తేల్చేది మ్యాట్రిక్సే. కాలం తేల్చడానికి కంపెనీ పేరు కొంత పనికొస్తుంది: హెచ్‌ఎంవీ ప్లేట్లు వేసిన గ్రామఫోన్ కంపెనీకి ఇండియా సంస్థగా విడిగా రిజిస్ట్రేషన్ 1946లో, దానికే సరిగమ అనే పేరు 2000లో. సరిగమ పేరుతో ఉన్న ఎల్‌పీని (33 స్పీడులో తిరిగే పెద్ద వినైల్ ప్లేటు) ఎవరైనా డెబ్బైల నాటిదని అమ్మజూపితే నవ్వి ఊరుకోండి.

పెట్టెలో ఇంగ్లిషు పాటల 78లు కనబడితే "మనకెందుకులే" అని పక్కన పెట్టకండి. బయటి దేశాల్లో 78లు ఆగిపోయాక కూడా ఇక్కడ అచ్చయ్యాయి. అరవైల్లో బీటిల్స్ పాటలు పార్లోఫోన్ లేబుల్ మీద 78లుగా ఇండియాలో వచ్చాయి. ప్రపంచమంతా కలెక్టర్లు వెతికేది వీటినే. మంచి కండిషన్లో ఒక్కటి దొరికితే ఈ బల్ల మీది ఐదింటి ధరా దాని ముందు నిలవదు.

మూడోది 7 అంగుళాల ఈపీ, అంటే ఎల్‌పీ కంటే చిన్న ప్లేటు, 45 స్పీడు, వినైల్. సినిమా పాటలు నాలుగు. దీని మీద ఎక్కువసేపు కూర్చోను. కవరు బాగుంది, ప్లేటు మీద ముల్లు అడ్డంగా జారిన గీత ఒకటి లోతుగా ఉంది. గోరు ఆడించి చూడండి: గోటికి తగలని గీత చప్పుడులో పెద్దగా వినబడదు, తగిలితే టక్కు ఖాయం. గీత గాడితో పాటే సాగితే ఇంకా ప్రమాదం, ముల్లు అక్కడే చిక్కుకుని ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ పాడుతుంది. కవరు కోసం తీసుకోవచ్చు, పాట కోసం కాదు.

అమ్మేవాయన "వేసి చూపిస్తాను" అంటే ఏ ప్లేయరో చూడండి. తాళం తిప్పే పాత గ్రామఫోను మీద వినైల్ పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. స్టీలు ముల్లూ, దాన్ని పట్టి ఉంచే వందేసి గ్రాముల సౌండ్‌బాక్సూ కలిసి ఒక్క తిప్పుడులో గాడిని గీకేస్తాయి. 78 ముల్లు మొన 76 మైక్రాన్లు, ఎల్‌పీ ముల్లు 18 మైక్రాన్ల ప్రాంతం. పాత సూట్‌కేసు ప్లేయర్లలో ఒకే పికప్‌కి (ముల్లు ఉండే తలకి) రెండు ముళ్ళుంటాయి, చిన్న మీట తిప్పితే 78 అనో ఎల్‌పీ అనో మారుతుంది. ఎల్‌పీ ముల్లుతో 78 వేస్తే గాడి అడుగున ఈడ్చుకుంటూ పోయి బరబర వినబడుతుంది, ముల్లూ పాడవుతుంది. స్పీడు సరిచూడ్డానికి స్ట్రోబ్ కాగితం (ప్లేటు మీద పెట్టే, చుట్టూ గీతలున్న గుండ్రటి కాగితం) చాలు: మన 50 హెర్ట్జ్ కరెంటు బల్బు కింద 78కి 77 గీతలు, 33కి 180 గీతలు నిలబడిపోయినట్టు కనబడాలి. ముందుకి జరుగుతుంటే ఎక్కువ తిరుగుతోంది, వెనక్కైతే తక్కువ.

నాలుగోది ఘంటసాల గారి భగవద్గీత ఎల్‌పీ. ఈయనా మన సంగీత కళాశాలలో చదువుకున్నవారే. ఈ రికార్డు వేలంవెర్రిగా అమ్ముడుపోయింది, కొన్న ప్రతి ఇల్లూ దాచుకుంది. కాబట్టి అరుదు కాదు, మామూలు కండిషన్లో ధర పలకదు. మచ్చ లేనిదైతేనే చూడండి. దీన్ని బల్ల మీద పెట్టింది మన వైపు ఎల్‌పీలకి పట్టే రెండు జబ్బులూ దీనికున్నాయి కాబట్టి.

ఒకటి బూజు. సముద్రపు గాలి, నాగావళి, వంశధార వరదలు, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ. తడిసిన కవరు ఆరినట్టే ఉంటుంది, లోపల బూజు పెరుగుతూనే ఉంటుంది. ప్లేటు మీద తెల్లటి చుక్కలు, ఒక్కోచోట ఈకల్లా పాకిన మచ్చలు. వినైల్ మీద చాలావరకు కడిగితే పోతుంది. లక్క ప్లేటునైతే బూజు తినేస్తుంది, కడిగాక మచ్చ పోయినా సొయ్యిమనే చప్పుడు మిగిలిపోతుంది. రెండోది ప్లాస్టిక్ కవరు. కాగితం కవరు చిరిగిపోతుందని పీవీసీ సంచిలో ప్లేటుని నేరుగా దూర్చేస్తారు. పీవీసీని మెత్తగా ఉంచే రసాయనం ఎండాకాలం వేడికి బయటికొచ్చి ప్లేటుకి అంటుకుంటుంది. ఇదిగో ఈ పొగమంచు లాంటి మసక అదే. ఎంత కడిగినా పోదు, పాట వెనక ఇసుక రాలినట్టు వినబడుతుంది. సంచి కావాలంటే పాలిథీన్‌దో పాలీప్రొపిలీన్‌దో వాడండి, మూతి తెరిచే ఉంచండి.

వినైల్ కడగడానికి కొలత చెబుతాను, రాసుకోండి. డిస్టిల్డ్ నీళ్ళు 750 మిల్లీలీటర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 200 మిల్లీలీటర్లు, వాసనా రంగూ లేని పాత్రల లిక్విడ్ నాలుగైదు చుక్కలు. బ్యాటరీ కొట్లో డిస్టిల్డ్ నీళ్ళు దొరుకుతాయి, కానీ అక్కడే అమ్మే యాసిడ్ డబ్బా కాదని రెండుసార్లు చూసుకుని తెచ్చుకోండి. బోరు నీళ్ళు వద్దే వద్దు, ఆరాక సున్నం గాడిలో గట్టిపడుతుంది. లేబుల్ మీద గుండ్రటి ప్లాస్టిక్ మూత అదిమి పట్టి, మెత్తటి బ్రష్షుతో గాడి వెంబడే గుండ్రంగా తిప్పండి, మధ్య నుంచి అంచుకి అడ్డంగా లాగకండి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ నీళ్ళతో కడిగి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. ఎండలో పెడితే గంటలో వంకర తిరుగుతుంది. కాగితం కవరు బూజుదైతే పారెయ్యండి, కడిగిన ప్లేటుని అందులోకే తోస్తే మళ్ళీ మొదటికొస్తుంది. బూజు సరుకు కదిపేటప్పుడు మాస్కు పెట్టుకోండి.

ఐదోది అసలైనది. ఎనభైల చివరి ఇళయరాజా తెలుగు సినిమా ఎల్‌పీ. అప్పటికి జనమంతా క్యాసెట్లకి వెళ్ళిపోయారు, ఎల్‌పీలు తక్కువ అచ్చయ్యాయి. వయసులో ఈ ఐదింటిలో ఇదే చిన్నది, ధరలో ఇదే పెద్దది. టార్చి కింద గాడి నల్లగా, నిగనిగలాడుతోంది, స్పిండిల్ గీతలు రెండో మూడో. కవరు మూల ఒకటి నలిగింది, వెనక పెన్నుతో పేరు రాసి ఉంది.

ధర ఇలా కట్టాలి. రికార్డులు అమ్మే డిస్కాగ్స్ వెబ్‌సైటులో అదే కేటలాగ్ నంబరుతో వెతికి, అడుగుతున్న ధరలు వదిలేసి, అమ్ముడైన ధరలు చూడండి. అడగడానికి ఎవరైనా ఎంతైనా అడుగుతారు. నియర్ మింట్ (దాదాపు కొత్తది) కండిషన్‌కి వచ్చిన ధరని నూరు అనుకుంటే, దాని కింది మెట్టు వీజీ ప్లస్‌కి సగం, ఇంకా కిందిది వీజీకి (వెరీ గుడ్) పావు, గుడ్ అనేదానికి పదో పదిహేనో. 'గుడ్' అంటే మంచిదని కాదు, గరగరమంటూ ఎలాగో చివరిదాకా పాడేదని. ఉదాహరణకి నియర్ మింట్ 4000 అనుకోండి. దీని ప్లేటుని వీజీ ప్లస్ అంటాను, అంటే 2000. పెన్ను రాతకీ మూలకీ కలిపి ఇంకో రెండు మూడు వందలు తగ్గిస్తాను. వేసి వినకుండా నియర్ మింట్ అని మాత్రం ఎవరన్నా ఒప్పుకోకండి. తెలుగు ప్లేట్లు చాలా ఆ సైట్లో అసలు ఉండవు. అలాంటప్పుడు అదే సంగీత దర్శకుడివి, అదే ఏళ్ళవి మూడు నాలుగు చూసి అందాజా కట్టుకోవాలి.

కొన్నాక నిలబెట్టే పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. కవర్లతో వంద ఎల్‌పీలు 25 కిలోల దాకా తూగుతాయి, ప్లైవుడ్ అర వంగిపోతుంది. గోడకి ఆనించకండి, చెద గోడ నుంచే వస్తుంది. కలరా ఉండలు ప్లేట్ల మధ్య వెయ్యకండి, సిలికా జెల్ సంచులు వేసి నెలకోసారి మార్చండి. ఆర్టీసీ కార్గోలో పంపేటప్పుడు ఎల్‌పీని అట్ట కవరులోంచి తీసి, ఆ కవరు వెనక విడిగా పెట్టండి, లేకపోతే కుదుపులకి ప్లేటు అంచే కవరుని చీలుస్తుంది. 78లని ఒక్కోదానికి రెండు వైపులా అట్ట, చుట్టూ రెండంగుళాల స్పాంజి ఉండేలా కట్టండి.

మీ దగ్గరున్న ప్లేటు ధర కామెంట్లలో అడిగేవాళ్ళు మూడు ఫొటోలు పెట్టండి: లేబుల్, లేబుల్ పక్కన చెక్కిన నంబరు, టార్చి ఏటవాలుగా వేసినప్పటి గాడి. కవరు ఫొటో ఒక్కటే పెడితే కవరు ధరే చెప్పగలను.