ఇత్తడి కేసుల అనీలింగ్: గ్యాస్ మంటా, ఇండక్షనా? 6 ఎంఎం డాషర్ కోసం రివ్యూ

నమస్తే అండీ. ఇవాళ బెంచీ మీద ఉన్నది గ్యాస్ టార్చ్‌తో నడిచే అనీలింగ్ మెషిన్. తూటాకి ఉండే ఇత్తడి గొట్టాన్నే కేసు అంటాం; దాని మెడని వేడి చేసి మెత్తబరచడమే అనీలింగ్. ముందే తేల్చేస్తున్నా: డాషర్ లాంటి వైల్డ్‌క్యాట్ (షూటర్లు సొంతంగా మలుచుకున్న తూటా రకం) కోసం కేసులు మలుచుకునేవాళ్ళకి ఇది పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. షాపులో కొన్న తూటాలు కాల్చేసి ఖాళీ కేసులు పారేసేవాళ్ళకి దీనితో పనే లేదు.

ఇంకో మాట. నేనుండేది అమెరికాలో. ఇక్కడ సొంతానికి తూటాలు కట్టుకోవడం మామూలు హాబీ. ఇండియాలో లైసెన్సు లేకుండా చేస్తే ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. అక్కడినుంచి చూస్తున్నవాళ్ళు దీన్ని ఇత్తడి కథగా చూసి వదిలేయండి.

సరే, ఈ రెండు కేసులు చూడండి. ఎడమ చేతిలోది 6 ఎంఎం బీఆర్ అనే తూటాది, కుడి చేతిలోది దాన్నుంచి పుట్టిన డాషర్‌ది. అడుగు ఒకటే, పొడవూ ఇంచుమించు ఒకటే. తేడా అంతా పైన ఉంది. బుల్లెట్‌ని పట్టుకునే సన్నటి భాగం మెడ, దాని కింద వాలుగా ఉండేది భుజం. బీఆర్ భుజం 30 డిగ్రీల వాలు. డాషర్‌ది 40, పైగా భుజం ముందుకి జరిగింది, మెడ పొట్టిదైంది. లోపల తుపాకిమందుకి కాస్త చోటు పెరిగింది. ఇది పుట్టడమే వైల్డ్‌క్యాట్‌గా పుట్టింది, షూటర్లు బీఆర్ కేసు తీసుకుని సొంతంగా మలుచుకున్నది. ఇప్పుడు తయారు కేసులు అమ్మేవాళ్ళూ ఉన్నారు గానీ, నా లాంటి మొండివాళ్ళు ఇంకా బీఆర్ నుంచే చేసుకుంటారు.

ఎలా చేస్తామంటే, ముందు మెడని కొంచెం పెద్ద సైజుకి వెడల్పు చేస్తాం. తర్వాత డై, అంటే కేసుకి ఆకారమిచ్చే అచ్చులోకి పూర్తిగా కాకుండా కొంతవరకే తోసి మళ్ళీ 6 ఎంఎంకి బిగిస్తాం. అప్పుడు మెడ మీద సన్నటి మెట్టు మిగులుతుంది. దగ్గరగా చూపిస్తా, వెలుతురు పడే చోట గీతలా కనిపిస్తోంది చూడండి. ఈ దొంగ భుజమే కేసుని ఛాంబర్‌లో, అంటే రైఫిల్‌లో తూటా కూర్చునే చోట, కదలకుండా పట్టుకుంటుంది. ఛాంబర్ వెనక బోల్టు మూస్తుంటే చివర్లో కొద్దిగా బిగువు తగలాలి. అది తగలకపోతే కాల్చొద్దు. కేసు ముందుకి జారి, అడుగు దగ్గర సాగి, తర్వాత అక్కడే తెగుతుంది. బిగువు సరిగా ఉంటే కాల్చినప్పుడు భుజం ఛాంబర్ గోడకి అచ్చు పోసినట్టు కూర్చుంటుంది. మందు లేకుండా, డైలో పెట్టిన కేసులో నీళ్ళు నింపి పిస్టన్ మీద సుత్తితో కొట్టి చేసేవాళ్ళూ ఉన్నారు. బట్టలు తడుస్తాయి, పని మాత్రం అవుతుంది.

ఇంత సాగదీసి, బిగించి, మళ్ళీ సాగదీశాక ఇత్తడి ఊరుకోదు, గట్టిపడిపోతుంది. సొట్ట తీసే కంచరి కూడా నాలుగు దెబ్బలు వేశాక బిందెని మళ్ళీ కొలిమిలో పెడతాడు కదా, మనం మెడకి చేసేదీ అదే. చేయకపోతే మెడ పగులుతుంది. అంతకంటే ముందే ఒక్కో కేసు బుల్లెట్‌ని ఒక్కో బిగువుతో పట్టుకుంటుంది, దూరం టార్గెట్ మీద గుళ్ళు పైకీ కిందకీ చెదురుతాయి.

ఇక మెషిన్. డ్రమ్ము తిరుగుతుంది, కేసు దొర్లుకుంటూ వచ్చి మంట ముందు ఆగుతుంది, గుండ్రంగా తిరుగుతూ కాలుతుంది, టైమ్ అవగానే కింద ట్రేలో పడుతుంది. ఈ తరహావన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి కంపెనీ పేరు చెప్పను. అసలు కిటుకంతా మంట ఎక్కడ తగలాలన్న దాంట్లో ఉంది. నీలిమంటలో లోపలి చిన్న శంకువు కొన మెడా భుజం కలిసే చోటుకి గురి ఉండాలి. రంగు భుజం దాటి కొంచెం కిందకి దిగుతుంది, అది మంచి గుర్తే. సగం కేసు దాకా దిగిందంటే ఎక్కువైంది. అడుగు మెత్తబడిన కేసుని కాల్చడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే, ఒత్తిడినంతా ఆపేది ఆ గట్టి అడుగే. అలాంటి కేసుని ప్లయర్‌తో నొక్కి చెత్తలో వేయండి, ఇంకో మాట లేదు.

టైమ్ ఎంత పెట్టాలి? టెంపిలాక్ అని వేడి సూచించే ద్రవం దొరుకుతుంది. 750 ఫారెన్‌హీట్‌ది, అంటే సుమారు 400 సెల్సియస్, మెడ లోపల పూయండి. 450 ఫారెన్‌హీట్‌ది కింద ఒంటి మీద. పైది కరగాలి, కిందది కరగకూడదు. కానీ దాన్ని గుడ్డిగా నమ్మొద్దు. ఇత్తడి మెత్తబడటానికి వేడితో పాటు సమయం కూడా లెక్కే. గంటసేపు ఉంచితే తక్కువ వేడికే మెత్తబడేది, కొన్ని సెకన్లలో కావాలంటే 500 సెల్సియస్ దాటాలి. అందుకే లైట్లు ఆపి చూస్తాను. మెడ అంచున ఎరుపు లీలగా తోచిందా, వెంటనే పడిపోవాలి. నారింజ రంగులో మెరిసిందంటే కాలం మించిపోయింది. నీళ్ళలో ముంచక్కర్లేదు. ఇది ఉక్కు కాదు, ముంచినా ముంచకపోయినా మెత్తదనం అంతే.

మంట లేకుండా కరెంటు తీగచుట్టతో కేసుని వేడి చేసేవి ఇండక్షన్ మెషిన్లు. వాటిలో న్యూజీలాండ్ కంపెనీ ఏఎంపీ మెషిన్‌కి మంచి పేరుంది. ఒక కేసుని బలిచ్చి, ఎంత వేడి చేయాలో అదే తేల్చుకుంటుంది, మంట గొడవ లేదు. ధర వెయ్యి డాలర్ల పైమాటే. మ్యాచ్‌లకి వెళ్ళేవాళ్ళకి సరే. కరిగిన ఉప్పులో ముంచే పద్ధతి మాత్రం నేను చేయను, చేయమనీ చెప్పను. ఒక్క తడి కేసు పడితే 500 డిగ్రీల ఉప్పు మొహం మీదకి చిమ్ముతుంది.

కేసులు తుడవడానికి అమోనియా ఉన్న పాలిష్ వాడొద్దు. ఇది మన దేశంలోనే బయటపడ్డ జబ్బు. పంతొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం వానాకాలం తూటాలని గుర్రపుసాలల్లో పెడితే, గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియాకి ఇత్తడి దానంతటదే పగిలింది. సీజన్ క్రాకింగ్ అన్నారు. ఇత్తడి లోపల మిగిలిన బిగువు, అమోనియా కలిస్తేనే పగులుతుందని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ రాశారు. విరుగుడు కూడా వాళ్ళే చెప్పారు, కొద్దిగా వేడి చేసి ఆ బిగువు తీసేయడం.

ఈ మెషిన్‌లో నాకు నచ్చనిది ఒకటే, టార్చ్ పట్టుకునే స్క్రూ వేడికి వదులవుతుంది. మంట మిల్లీమీటరు జరిగినా ఫలితం మారిపోతుంది. సిలిండర్ తగ్గేకొద్దీ మంట కూడా నీరసిస్తుంది. యాభై కేసులకోసారి ఆపి, స్క్రూ బిగించి, ఒక పాత కేసుకి టెంపిలాక్ పూసి మళ్ళీ సరిచూసుకోండి.